పొగబండికి మళ్లీ ఊపిరి

ఇంట్లో డెబ్భై దాటిన పెద్దాయన ఉంటే ఈ ఆదివారం ఒకసారి అడిగి చూడండి. 'తాతయ్యా, రైలంటే నీకు ముందు ఏం గుర్తొస్తుంది?' అని. కిటికీ పక్క సీటు, పొట్లంలో పల్లీలు, కూజాలో నీళ్లు... ఇవన్నీ తర్వాత. ముందు కన్ను నలుపుకొంటాడు. అవును, కంట్లో పడ్డ బొగ్గు నలుసే! కిటికీలోంచి తల బయట పెట్టొద్దని ఎంత చెప్పినా పిల్లలు వినేవాళ్లు కాదు. నలుసు పడగానే ఏడుపు. వెంటనే అమ్మ కొంగు చివర ఉండలా చుట్టి, నోటితో వెచ్చగా ఆవిరి పట్టి, కంటికి అద్దేది. ఇంజను ఆవిరి తెచ్చిన తంటాకి అమ్మ ఆవిరే మందన్నమాట!

పెళ్లికి వెళ్లేవాళ్లు తెల్లచొక్కాను పెట్టెలోనే ఉంచి, దిగే స్టేషను దగ్గరపడ్డాక వేసుకునేవారు. లేకపోతే పందిట్లో చుట్టాలందరికీ తెలిసిపోయేది, ఈయన ఇంజను పక్క పెట్టెలో కూర్చుని వచ్చాడని.

సికింద్రాబాద్‌లో పాత రైల్వే కుటుంబాలకైతే ఈ జ్ఞాపకాలు ఇంకా దగ్గరివి. లాలాగూడ, మెట్టుగూడ క్వార్టర్లలో పెరిగిన పిల్లలకు నాన్న డ్యూటీ దిగి వచ్చాడంటే ముందు వాసన తెలిసేది. నూనె, బొగ్గు, చెమట కలిసిన వాసన. ఎంత సబ్బు రుద్దినా గోళ్ల సందుల్లో నలుపు పోయేది కాదు. మరి ఆ ఊరికీ ఆవిరి ఇంజనుకీ బంధం అంత పాతది. సికింద్రాబాద్ కంటోన్మెంటును బొంబాయి-మద్రాసు రైలుమార్గంతో కలపాలని బ్రిటిష్ వాళ్లు పట్టుబట్టారు. ఖర్చు నిజాం సర్కారుది. సాలార్‌జంగ్ దివానుగా ఉన్న ఆ రోజుల్లో, 1874 అక్టోబరులో వాడి నుంచి ఇక్కడికి మొదటి రైలు వచ్చింది. దూరం రెండు వందల కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ఎడ్లబండి మీద రోజుల తరబడి సాగే ప్రయాణం పూటలోకి వచ్చేసింది. తర్వాత 'నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే' కంపెనీ ఆ పట్టాల్ని వరంగల్ మీదుగా బెజవాడ దాకా లాగింది. 1889కల్లా అదీ పూర్తయింది.

ఆ లాగడంలో ఒక కిటుకుంది. ఇల్లెందు ప్రాంతంలో బొగ్గుందని 1871లోనే భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కనిపెట్టాడు. డోర్నకల్ నుంచి అక్కడికో పాయ వేశారు. ఇక చూస్కోండి. బొగ్గును తేవడానికి రైలు, రైలు నడవడానికి బొగ్గు! ఇవాళ్టి సింగరేణి కథ మొదలైంది అక్కడే. ఇన్ని ఇంజన్లు వచ్చాక వాటికి జబ్బు చేస్తే చూసే ఆసుపత్రి ఉండాలిగా. అదే 1893లో మొదలైన లాలాగూడ వర్క్‌షాపు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే... 2025 ఆరంభంలో సికింద్రాబాద్ స్టేషను ముఖద్వారాన్ని, కమాన్లతో సహా, కూల్చేశారు. అదే స్థలంలో ఏడు వందల కోట్ల పైచిలుకు రూపాయలతో కొత్త స్టేషను కట్టే పని 2023లో మొదలైంది. రోజూ లక్షమందికి పైగా తొక్కే చోటు, ఇరుకైపోయింది, కట్టక తప్పదు. ఆ మాట కాదనేవాళ్లు తక్కువ. కానీ కూల్చే రోజుల్లో ఫోన్లు పట్టుకుని ఫొటోలు తీసుకోవడానికి వచ్చినవాళ్లను చూస్తే ఒకటి అర్థమైంది. పాత వస్తువు కళ్ల ముందున్నంత కాలం దాన్ని ఎవరూ చూడరు. పోతుందంటేనే చూస్తారు.

ఇంజన్ల విషయంలోనూ జరిగింది అదే. చిత్తరంజన్ కార్ఖానాలో 1950 నుంచి 1972 దాకా 2,351 ఆవిరి ఇంజన్లు తయారయ్యాయి. తుపాకీ గుండులాంటి ముక్కు, ఆ ముక్కు మీద నక్షత్రంతో జీటీ ఎక్స్‌ప్రెస్‌లాంటి పెద్ద బళ్లను కాజీపేట, బెజవాడల మీదుగా పరుగెత్తించిన 'డబ్ల్యూపీ' ఇంజన్లే 755 ఉండేవి. డీజిల్ వచ్చింది, కరెంటు వచ్చింది. 1995 డిసెంబరు 6న జలంధర్-ఫిరోజ్‌పూర్ మధ్య బ్రాడ్‌గేజి మీద ఆఖరి ఆవిరి రైలు నడిచింది. అంతే! అప్పటిదాకా వంగి వంగి తుడిచిన ఇంజన్లను టన్నుల లెక్కన తూచి పాత ఇనుముకి అమ్మేశారు. అదృష్టవంతులైన కొన్నింటికి మాత్రం రంగులేసి, రైల్వే ఆఫీసుల ముందు, స్టేషన్ల ముందు దిమ్మెల మీద నిలబెట్టారు. పిల్లలు వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. మంచిదే. కానీ దిమ్మె మీది ఇంజను అద్దాల బీరువాలో పెట్టిన వీణలాంటిది. తీగలున్నాయి, మోత లేదు.

మరి ఆ వీణను బయటికి తీసి మళ్లీ పలికించడం కుదురుతుందా? కుదిరింది. అదీ మనకు ఒక రాత్రి ప్రయాణం దూరంలోనే. సికింద్రాబాద్‌లో సాయంత్రం బండెక్కితే తెల్లారేసరికి దిగే చెన్నైలో, పెరంబూరు లోకో వర్క్స్‌లో.

ఆ రాణిగారి కథ

ఇంజను పేరు 'ఫెయిరీ క్వీన్'. పుట్టింది 1855లో, ఇంగ్లండులోని లీడ్స్‌లో. కిట్సన్, థాంప్సన్ అండ్ హెవిట్సన్ అనే కంపెనీ చేసింది. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో కదా, అంటే రెండేళ్లకే ఇది ఓడెక్కి కలకత్తాలో దిగిందన్నమాట. ఈస్ట్ ఇండియన్ రైల్వే దీనికి 22 నంబరిచ్చింది. పేరు పెట్టడానికి మాత్రం నలభై ఏళ్లు పట్టింది, 1895లో! బరువు 26 టన్నులు. అటు రెండు ఇటు రెండు చిన్న చక్రాలు, మధ్యలో ఒక జత పెద్ద చక్రాలు. ఇంజన్ను నడిపించేది ఆ జతే. 130 గుర్రాల బలం. గట్టిగా పరుగెడితే గంటకు నలభై కిలోమీటర్లు. ఇవాళ మన పిల్లల స్కూటరు అంతకంటే వేగంగా పోతుంది. పోనీండి, దాని వయసుకి అది చాలు.

హౌరా-రాణిగంజ్ మధ్య మెయిలు బళ్లు లాగింది. 1857 తిరుగుబాటు రోజుల్లో సైనికుల్ని మోసింది. బీహారులో కొత్త పట్టాలు వేస్తుంటే సామాన్లు చేరవేసింది. 1909లో రిటైరైంది. తర్వాత ముప్ఫై నాలుగేళ్లు హౌరా స్టేషను బయట దిమ్మె మీద ఎండకీ వానకీ నిలబడింది. 1943లో ఉత్తరప్రదేశ్‌లోని చందౌసీ రైల్వే శిక్షణ కేంద్రానికి తీసుకెళ్లారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లకు 'ఇదిగో, ఇంజనంటే ఇదీ' అని చూపించడానికి. 1972లో వారసత్వ హోదా, 1977లో ఢిల్లీలో రైలు మ్యూజియం తెరిస్తే అందులో చోటు.

మామూలుగా కథ అక్కడితో అయిపోవాలి. అవలేదు. దీన్ని మళ్లీ నడిపిద్దామని రైల్వే వాళ్లకు ఆలోచన వచ్చింది. పెరంబూరుకు పంపారు. 1997 జులై 18న ఇంజను మళ్లీ పట్టాల మీద పరుగెత్తింది. ఎన్నాళ్లకి? ఎనభై ఎనిమిదేళ్లకి! అప్పుడు దాని వయసు 142. ఆ ఏడాది అక్టోబరు నుంచి ఢిల్లీ కంటోన్మెంటు నుంచి అల్వార్‌కు, 143 కిలోమీటర్లు, అరవై మంది పట్టే ఒక్క పెట్టెతో పర్యాటకుల్ని తీసుకెళ్లడం మొదలెట్టింది. 1998లో 'ప్రపంచంలో పనిచేస్తున్న ఆవిరి ఇంజన్లలో అతి పురాతనం' అని గిన్నిస్ బుక్కు వాళ్లు రాసుకున్నారు. 1999లో జాతీయ పర్యాటక అవార్డు కూడా వచ్చింది.

నీళ్లకు పరీక్ష, ఇనుముకు పరీక్ష

'పాత ఇంజనే కదా, తుప్పు గీకి నూనె పోస్తే పోదా' అనుకుంటారేమో. అబ్బే! ఆవిరి ఇంజనులో చూడ్డానికి మిసమిసలాడేవి చక్రాలైతే, ప్రాణం ఉండేది బాయిలరులో. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు పదహారు వందల లీటర్ల చోటు కావాలంటుంది. ఆ చోటు ఇవ్వకుండా నొక్కిపెట్టి, ఒక్క సందులోంచి మాత్రమే వదిలితే వచ్చే బలమే రైలును లాగుతుంది. అంటే ఇంజను డ్రైవరు రోజూ నిలబడేది మూత బిగించిన ఒక పెద్ద ప్రెషర్ కుక్కరు పక్కన. దాని గోడ ఎక్కడో పల్చబడి ఉంటే?

అందుకే ముందు బాయిలరును విప్పుతారు. నిప్పు నుంచి వేడిగాలిని మోసే గొట్టాలు లోపల వరసగా ఉంటాయి. వాటి చుట్టూ నీళ్లు. ఇంట్లో నీళ్లు కాచే గిన్నెకు అడుగున తెల్లగా గార కడుతుంది చూశారా, అదే గార బాయిలరులోనూ కడుతుంది. ఇంజన్లు పనిలో ఉన్న రోజుల్లో కొద్దిరోజులకోసారి చల్లార్చి, కడిగి, ఆ గార వదలగొట్టేవారు. అలా కడిగే దిక్కులేక దశాబ్దాలు పడి ఉన్న ఇంజనులో గొట్టాలు దాదాపుగా మార్చాల్సిందే. అంతా బిగించాక నిప్పు పెట్టరు. ముందు చల్లటి నీళ్లు నిండా పోసి, మామూలుగా ఉండే ఒత్తిడి కంటే ఎక్కువ ఒత్తిడి పెట్టి గంటల తరబడి కనిపెట్టుకుని ఉంటారు. నీళ్లే ఎందుకు? నీళ్లతో పగిలితే కారుతుంది. ఆవిరితో పగిలితే పేలుతుంది.

ఇంకో చిన్న సంగతి చెప్పుకోవాలి. నిప్పుపెట్టె పైకప్పులో ఒక సీసపు బిరడా ఉంటుంది. దాని మీద ఎప్పుడూ నీళ్లుండాలి. ఏమరుపాటున నీళ్లు తగ్గిపోతే వేడికి సీసం కరిగి, ఆ బెజ్జంలోంచి ఆవిరి బుస్సుమంటూ నిప్పు మీద పడుతుంది. డ్రైవరుకు అదే హెచ్చరిక. కంప్యూటరు లేదు, సెన్సరు లేదు. నిమ్మకాయంత సీసం ఎందరి ప్రాణాలు కాపాడిందో!

చక్రాల సంగతి మన పల్లెటూరి వాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఎడ్లబండి చక్రానికి కమ్మరి ఇనుప పట్టా వేయడం చూసినవాళ్లకు అది తెలిసిన విద్యే. పట్టాను ఎర్రగా కాల్చి, అది వ్యాకోచించినప్పుడు చక్రానికి తొడిగి, నీళ్లు చల్లితే బిగుసుకుపోతుంది. రైలింజను చక్రం మీద ఉక్కు పట్టా వేసేదీ అలాగే. వేడికి సాగడం, చల్లారి బిగియడం. కాకపోతే బండి చక్రానికి ఊళ్లో కొలిమి చాలు, దీనికి కార్ఖానా కావాలి. అసలు చిక్కేమిటంటే విడిభాగాలు. 1855 నాటి ఇంజనుకు బోల్టు ఏ దుకాణంలో దొరుకుతుంది? అరిగిన ముక్కను కొలిచి, చెక్కతో అచ్చు చేసి, పోతపోసి, చేత్తో సానబట్టి అమర్చాలి. ఒకటి సరిపోలేదంటే మళ్లీ మొదటికి.

అయితే ఇది పాతదేనా?

ఇక్కడే ఓ పేచీ వస్తుంది. గొట్టాలు కొత్తవి, బోల్టులు కొత్తవి, కొన్నిచోట్ల రేకులు కొత్తవి. ప్రయాణికులతో నడవాలంటే ఈనాటి బ్రేకు నిబంధనలు ఒప్పుకోవాలి కాబట్టి బ్రేకులూ కొత్తవి. మరి దీన్ని 1855 ఇంజను అనొచ్చా? అనకూడదు, మ్యూజియంలో ముట్టుకోకుండా ఉంచితేనే అసలుది మిగులుతుంది అనేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్ల మాటలోనూ పస ఉంది. ఒకసారి తీసి పారేసిన పాత రేకు మళ్లీ రాదు. దాని మీద సుత్తి దెబ్బలు చూసి ఆనాటి పనివాడి తీరు చెప్పగలవాళ్లుంటారు. ఆ సాక్ష్యం పోతుంది.

కానీ మన ఊళ్లలో గుళ్లకు జీర్ణోద్ధరణ చేయిస్తాం కదా. మండపం కొత్తగా కడతారు, గోపురానికి రంగులేస్తారు, ధ్వజస్తంభం మారుస్తారు. గుడి మారిందని ఎవరైనా అంటారా? మూలవిరాట్టు కదలనంత వరకూ అది ఆ గుడే. పైగా దీపం వెలగని గుడి ఎంత పాతదైతే ఏం లాభం? ఇంజను విషయంలో మూలవిరాట్టు ఏదన్నది మాత్రం తేలని తగువు. చట్రమా, చక్రాలా, నంబరు పలకా? పెరంబూరులో మాత్రం ఈ చర్చతో చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఫెయిరీ క్వీన్‌కు కవలలాంటి ఇంకో ఇంజనుంది. అదే ఏడాది, అదే కంపెనీలో పుట్టింది. దాని నంబరు 21, పేరు 'ఎక్స్‌ప్రెస్'. నంబరును బట్టి అక్క అనుకోవచ్చు. ఇదీ దశాబ్దాలు బొమ్మలా నిలబడ్డదే. 2010లో దాన్ని కూడా బాగుచేసి, ఆగస్టు 15న చెన్నైలో జనం ముందు నడిపించారు. ఆ తర్వాత కేరళ, కన్యాకుమారి వైపు కూడా తీసుకెళ్లి తిప్పారు.

చెల్లెలి కథలో ఈలోగా ఒక చేదు ఘట్టం. 2011లో ఫెయిరీ క్వీన్ భాగాలు కొన్ని దొంగలు ఎత్తుకుపోయారు! నూట యాభై ఏళ్లు తుప్పునీ యుద్ధాన్నీ తట్టుకున్న ఇంజనుకు పాత ఇనుము దొంగలు గండమయ్యారు. వాళ్ల దృష్టిలో అది చరిత్ర కాదు, కిలోల లెక్క. మళ్లీ పెరంబూరే దిక్కైంది. పోయిన ముక్కల్ని మళ్లీ చేసి బిగించారు. 2017 ఫిబ్రవరిలో ఢిల్లీ నుంచి రేవారికి మళ్లీ ప్రయాణికుల్ని తీసుకెళ్లింది.

ఏనుగును మేపినట్టు

ఇంగ్లండు వాళ్లకు ఇలాంటి ముద్దుల ఇంజను ఇంకోటుంది, 'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్'. 1923లో తయారైంది. 1934లో గంటకు వంద మైళ్లు అందుకున్నట్టు అధికారికంగా లెక్కకెక్కిన మొదటి ఆవిరి ఇంజను అది. 1963లో రైల్వే వాళ్లు తీసేస్తుంటే అలన్ పెగ్లర్ అనే వ్యాపారి మూడు వేల పౌండ్లకు కొనుక్కున్నాడు. 1969లో అమెరికా తీసుకెళ్లి ఊరూరా తిప్పాడు. ఆ ముచ్చట 1972లో ఆయన్ని దివాలా తీయించింది! ఏనుగును కొనడం కాదు, మేపడమే కష్టం. తర్వాత విలియం మెక్ఆల్పైన్ అనే ఆయన దాన్ని విడిపించి ఇంటికి తెచ్చాడు. చేతులు మారి మారి 2004లో వాళ్ల జాతీయ రైల్వే మ్యూజియానికి చేరింది, జనం ఇచ్చిన చందాలు కూడా కలిపి. బాగుచేయడం 2006లో మొదలుపెడితే పదేళ్లు పట్టింది. ఖర్చు 42 లక్షల పౌండ్లు. 2016 ఫిబ్రవరిలో లండన్ నుంచి యార్క్‌కు బయల్దేరితే చూడ్డానికి వచ్చిన జనం ఏకంగా పట్టాల మీదికే వచ్చేశారు. బండి ఆపాల్సొచ్చింది. అభిమానం వెర్రి ఎక్కడైనా ఒకటే.

ఆ లెక్క చూసి మనవాళ్లు భయపడక్కర్లేదు. మనకు పెరంబూరులో ఉన్నది డబ్బు కంటే విలువైంది. పని తెలిసిన చేతులు. మద్రాసు రైల్వే కార్ఖానా అక్కడ 1856లోనే మొదలైంది, తరాల పనితనం అది. అసలు బెంగ ఆ చేతుల గురించే. ఒక లెక్క వేయండి. బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఆగింది 1995లో. 1985లో ఇరవయ్యేళ్ల వయసులో షెడ్డులో చేరిన కుర్రాడున్నాడనుకుందాం. ముందు క్లీనరు, తర్వాత ఫైర్‌మన్. డ్రైవరు అయ్యేలోపే ఇంజను మారిపోయింది. అతనికి 2025లో అరవై నిండాయి. అంటే, బొగ్గు ఏ మూల ఎంత పల్చగా చల్లాలో, పొగ నల్లగా వస్తే నిప్పు తప్పుగా మండుతోందని ఎలా గుర్తుపట్టాలో, పిస్టన్ చప్పుడు తేడాగా వినిపిస్తే ఎక్కడ నూనె పోయాలో ఉద్యోగంలో నేర్చుకున్న ఆఖరి తరం ఇప్పుడు పింఛను తీసుకుంటోంది. ఈ విద్యలో సగం పుస్తకాల్లో లేదు. పాత డ్రైవర్లు పక్కన నిలబెట్టుకుని, తిట్టి, నెత్తిన మొట్టి నేర్పిందే.

లాలాగూడలో, కాజీపేటలో, డోర్నకల్‌లో, బెజవాడలో అలాంటి పెద్దలు ఇంకా ఉన్నారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని మనవలకు చెబుతుంటారు, ఫలానా ఎత్తు మీద బండి ఎక్కక చక్రాలు జారుతుంటే పట్టాల మీద ఇసుక ఎలా వదిలామో. మనవలు ఫోన్లు చూసుకుంటూ 'ఊఁ' కొడుతుంటారు. ఆ ఫోనులోనే రికార్డు చేసే మీట ఒకటుందని ఆ మనవలకు ఎవరైనా గుర్తుచేస్తే బాగుండు.

చూడాలనుకునే వాళ్లకు ఒక దారి ఉంది. హర్యానాలోని రేవారిలో 1893 నాటి ఆవిరి ఇంజన్ల షెడ్డును మ్యూజియంగా మార్చి, ఇంజన్లను నడిచే స్థితిలో ఉంచుతున్నారు. 'గదర్' సినిమాలో కనిపించిన 'అక్బర్' ఇంజను ఉన్నది అక్కడే, 1965లో చిత్తరంజన్‌లో చేసిన డబ్ల్యూపీ. ఢిల్లీ నుంచి ఎనభై కిలోమీటర్లు. ఇంజన్లకు రోజూ నిప్పు పెట్టరు కాబట్టి ముందే కనుక్కుని వెళ్లడం మంచిది. తాతయ్యను తీసుకెళ్తే దగ్గరుండి అన్నీ చెబుతాడు. తెల్లచొక్కా మాత్రం వద్దు.